వెడల్పు టైర్లు వేయించా, స్టీరింగ్ నా మాట వినడం మానేసింది

బెంగళూరు జేసీ రోడ్డులో ఒక షాపులో నా స్విఫ్ట్ కారుకి 185/65 ఆర్15 (185 ఎంఎం వెడల్పు, 15 అంగుళాల చక్రం) తీసేసి 205/55 ఆర్16 టైర్లు, కొత్త అల్లాయ్ చక్రాలు వేయించా. లుక్ మాత్రం అదిరింది, అబద్ధం చెప్పను. కానీ పార్కింగ్‌లో స్టీరింగ్ బరువు, ఫుల్‌గా తిప్పితే మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి టైరు గీసుకుంటా బర్‌ర్ అని సౌండు, ఇంక హోసూరు రోడ్డు మీద లారీలు తొక్కిన గాడి కనిపిస్తే చాలు బండి దాంట్లోకే లాక్కెళ్తది, రెండు చేతులతో పట్టుకోవాల్సిందే.

వెనక్కెళ్లి అడిగితే "అలైన్‌మెంట్ చేయించన్నా, సెట్ అయిపోద్ది" అన్నాడు మనోడు. రెండుసార్లు చేయించా, తేడా లేదు. మారతహళ్లిలో మనూరి మెకానిక్ చక్రం విప్పి చూపించాడు, ఆఫ్‌సెట్ (చక్రం నడిమధ్య నుంచి దాన్ని బిగించే ముఖం ఎంత దూరంలో ఉందో ఆ కొలత) తక్కువ కాబట్టి చక్రం బయటికి జరిగింది, పైగా హబ్ (చక్రం కూర్చునే మధ్య దిమ్మ) 54.1 ఎంఎం అయితే వీల్ రంధ్రం 73.1, మధ్యలో ఆ ఖాళీ నింపే రింగులే లేవు! స్పీడు 80 దాటితే బండి వణికేది అందుకే. రింగులేస్తే వణుకు పోయింది, గాడి గోల మాత్రం అలాగే ఉంది.

ఫిట్టింగ్ నీట్‌గానే చేశారు, టీ కూడా ఇచ్చారు. ఆఫ్‌సెట్ ఎంత అంటే మాత్రం మొహాలు చూసుకున్నారు. రెండు స్టార్లు, అదీ టీకి. పాత చక్రాలు అమ్మలేదు, నయం.