పాత మోటార్‌హోమ్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి: ఫర్నెస్ కవర్ విప్పించి చూడకుండా డబ్బులివ్వకండి

నిన్న సాయంత్రం మా మోటార్‌హోమ్ (లోపలే మంచాలు, వంటగది ఉండే బండి) ఫర్నెస్ చూడటానికి వచ్చిన టెక్నీషియన్ వెళ్ళిపోయాక, ఆ బండి మాకు అమ్మినాయనకు ఫోన్ చేశాను. ఫర్నెస్ అంటే బండి లోపలి గాలిని గ్యాస్‌తో వేడిచేసే హీటర్. ఆ మాటలు విన్నప్పటి నుంచి రాత్రంతా నిద్ర లేదు. కోపంలో రాస్తున్నాను కాబట్టి ముందు వెనకలు అయితే సర్దుకుని చదవండి.

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళకు వాడిన మోటార్‌హోమ్‌లు అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. నేను కొన్నది 1999 మోడల్, క్లాస్ సి, ముందు డ్రైవర్ సీటు పైన మంచం ఉండే రకం. అక్టోబర్‌లో 16,500 డాలర్లకు తీసుకున్నాను. అమ్మానాన్న గుంటూరు నుంచి ఆరు నెలలకు వచ్చారు. హోటళ్ళ చుట్టూ తిరగకుండా, అమ్మ వంట అమ్మ చేసుకుంటూ, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగుతూ చూపిద్దామని నా ఆశ. మనవాడే కదా, మోసం చేస్తాడా అనుకున్నాను. ఆ ఒక్క మాట అనుకున్నందుకే ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

కొనే రోజు ఎండ మండిపోతోంది. ఆయన థర్మోస్టాట్ పైకి తిప్పాడు. బ్లోయర్ తిరిగింది. కాసేపటికి కింద జాలీ దగ్గర చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. వేడి గాలి వచ్చింది. "చూశారా అన్నా, ఇరవై అయిదేళ్ళ బండి, ఫర్నెస్ మాత్రం రాయిలాగుంది" అన్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఉక్కపోస్తోందని ఆపేశాడు. నేను కూడా ఆపేస్తేనే మేలనుకున్నాను.

థాంక్స్‌గివింగ్‌కు పాలో డ్యూరో కాన్యన్ వెళ్ళాం. మేము మోటార్‌హోమ్‌లో, బావ వాళ్ళు వాళ్ళ వ్యాన్‌లో. 287 హైవే మీద విచిటా ఫాల్స్ దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి, అంకెలు కనపడే కార్బన్ మోనాక్సైడ్ (గ్యాస్ సరిగ్గా మండనప్పుడు పుట్టే, రంగూ వాసనా లేని విషవాయువు) అలారం ఒకటి కొనుక్కొచ్చింది. అంతకుముందు రోజు ఇల్లు సర్దినట్టు బండి సర్దుతూ, మంచం పక్కన గోడకున్న పాత అలారం తీసి వెనక చూసిందట, 2004 అని ఉందట. "పచ్చ లైటు వెలుగుతోంది, బటన్ నొక్కితే మోగుతోంది, మళ్ళీ ఎందుకు?" అన్నాను. ఆ టెస్ట్ బటన్ కూత వస్తోందా లేదా అన్నదే చెబుతుందని, లోపలి సెన్సర్ బతికుందో లేదో చెప్పదని, ఈ అలారాలకు అయిదు నుంచి పదేళ్ళే ఆయుష్షని నాకు అప్పటికి తెలీదు. ఆవిడ నా మాట వినలేదు. వినకపోబట్టే ఈ రోజు మేమంతా ఉన్నాం.

మొదటి రాత్రి చలి గడ్డకట్టే దాకా దిగింది. ఫర్నెస్ వేశాను. బ్లోయర్ తిరిగింది, లోపల టిక్ టిక్‌మని నిప్పురవ్వ చప్పుడు వచ్చింది, వెలిగింది. అయిదు నిమిషాలు వేడి గాలి, తరవాత చన్నీళ్ళు చల్లినట్టు చల్లటి గాలి, కాసేపటికి మళ్ళీ వేడి. ఒక గంటకు అసలు వెలగడం మానేసింది, బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంది.

నేను చూడగలిగినవన్నీ చూశాను. ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు మీటర్ సగం పైన ఉంది. పొయ్యి వెలిగిస్తే మంట నీలంగా, నిలకడగా వచ్చింది, కాబట్టి గ్యాస్ అందుతోంది. కరెంటు ప్లగ్‌లో ఉన్నాం, బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు చూపించింది, కాబట్టి బ్యాటరీ నీరసం కాదు. ప్రొపేన్‌కు కలిపే వాసన మందుకు కందిరీగలు వచ్చి బయటి గొట్టంలో గూడు కడతాయని ఎక్కడో చదివాను, టార్చ్ పట్టుకుని బయటికెళ్ళి చూశాను. గూడు లేదు. పొగ గొట్టం పైన గోడ మీద ఒక చదరపు అడుగు మేర తెల్ల రంగు మిగతా గోడ కంటే తెల్లగా, కొత్తగా కనపడింది. బండి అమ్మేముందు అందంగా ఉండాలని వేశాడేమో అనుకుని లోపలికొచ్చేశాను. అక్కడే నిలబడి గోటితో ఒక్కసారి గీకి ఉంటే సరిపోయేది. ఆ రంగు కింద మసి ఉంది.

థర్మోస్టాట్ ఆపి, కొద్దిసేపాగి మళ్ళీ వేశాను. వెలిగింది. బాగుచేశాననుకున్నాను. అందరం పడుకున్నాం.

పదిన్నరకు నాన్న తల దిమ్ముగా ఉందన్నారు. ఆయన మంచం ఫర్నెస్ జాలీకి దగ్గర. అమ్మ అమృతాంజనం రాసింది. నేను "ఆరు గంటల ప్రయాణం కదా నాన్నా, అలసట" అని టైలెనాల్ ఇచ్చి పడుకోమన్నాను. ఒక్కసారి కిటికీ తెరవాలని తోచలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

రెండూ నలభైకి అలారం మోగింది. తెర మీద 163 అని ఉంది, అంటే గాలిలో పది లక్షల వంతులకు 163 వంతులు కార్బన్ మోనాక్సైడ్. అమెరికాలో అమ్మే ఈ అలారాలు 70 దగ్గర గంట నుంచి నాలుగు గంటల్లోపు మోగుతాయి, 150 దగ్గర పది నుంచి యాభై నిమిషాల్లోపు మోగుతాయి. అంటే అప్పటికే మేమంతా ఎంతోసేపు ఆ గాలే పీలుస్తున్నాం. తలుపులు తెరిచి అమ్మను, నాన్నను, పాపను దుప్పట్లతోనే బయటికి తెచ్చాం. నాన్న మెట్టు దిగుతూ మోకాళ్ళ మీద కూలబడ్డారు. బావ వ్యాన్‌లో అమరిల్లో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. రక్తం పరీక్ష చేసి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిందని చెప్పారు, నాన్నకు అందరికంటే ఎక్కువ. ఆక్సిజన్ పెట్టారు. దేవుడి దయ, మధ్యాహ్నానికి పంపేశారు. ఆయన బాగానే ఉన్నారు.

ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి బండి ఇంటికి తెచ్చుకున్నాం. నిన్న ప్రొపేన్ లైసెన్సున్న టెక్నీషియన్ వచ్చాడు, అరవై దాటిన పెద్దాయన. ముందు కవర్ నాలుగు స్క్రూలతో ఊడింది. అంతే, నాలుగు స్క్రూలు. ఆయన ఏమీ మాట్లాడకుండా టార్చ్ నా చేతికిచ్చి చూడమన్నాడు.

లోపలి వైర్లన్నీ ఏళ్ళ తరబడి దుమ్ముతో బూడిద రంగులో ఉన్నాయి. వాటి మధ్య రెండంగుళాల నీలం వైరు ముక్క ఒకటి మెరుస్తోంది. రెండు చివర్లా కొత్త క్లిప్పులు. దాని మీద దుమ్ము లేదు.

అది సెయిల్ స్విచ్‌తో పని లేకుండా, దాని రెండు చివర్లనూ నేరుగా కలిపేసిన వైరు. సెయిల్ స్విచ్ అంటే బ్లోయర్ గాలి దారిలో ఉండే చిన్న రేకు. గాలి సరిపడా జోరుగా తగిలితేనే అది వంగి స్విచ్ కలుస్తుంది. అప్పుడే బోర్డు గ్యాస్ వాల్వు తెరిచి రవ్వ కొడుతుంది. గాలి చాలకపోతే ఫర్నెస్ వెలగకూడదు. దాని పనే అది. మా బండిలో మోటార్ బేరింగ్ అరిగి నెమ్మదిగా తిరుగుతోంది, రేకు వంగడం లేదు, ఫర్నెస్ వెలగడం లేదు. మోటార్ మార్చాల్సిన చోట ఎవరో ఆ స్విచ్‌నే పక్కన పెట్టేశారు.

ఇక్కడి నుంచి ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. ఈ ఫర్నెస్‌లో గ్యాస్ మండేది మూసిన ఇనుప గదిలో, దాన్నే హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. దానికి గాలి బయటి నుంచే రావాలి, పొగ బయటికే పోవాలి. మనం పీల్చే గాలి ఆ గదిని బయటి వైపు నుంచి తాకి వేడెక్కి వస్తుంది. ఆ రెండు గాలుల్నీ తోసేది ఒకటే మోటార్. అది నీరసపడితే మంటకు గాలి చాలదు, మంట పసుపు రంగులోకి మారి మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇనుప గదిని చల్లబరిచే గాలి కూడా చాలదు, అది విపరీతంగా కాలుతుంది. మరీ కాలినప్పుడు లిమిట్ స్విచ్ మంట ఆపేస్తుంది, చల్లారాక మళ్ళీ వెలిగిస్తుంది. ఆ రాత్రి వేడి, చలి, వేడి, చలి అని వచ్చింది అదే. అలా కాలి, చల్లారి, కాలి, చల్లారి ఇనుము పగిలింది. టెక్నీషియన్ చిన్న అద్దం లోపల పెట్టి చూపించాడు. వంపు దగ్గర వెంట్రుకంత పగులు, దాదాపు మూడంగుళాలు, అంచులు నల్లగా ఉన్నాయి. ఆ పగులులోంచే పొగ నాన్న మంచం దగ్గరికి వచ్చింది.

ఇంతవరకూ కూడా నేను బండి అమ్మినాయన్ని అనలేదు. పాత బండి, ఆయనకంటే ముందున్న ఓనర్ చేసి ఉండొచ్చు అనుకున్నాను. టెక్నీషియన్ ఫర్నెస్‌ను బయటికి లాగాడు. గ్యాస్ పైపుకు సన్నటి తీగ ముడి ఒకటి వేలాడుతోంది, తెంపిన తీగ. ఫర్నెస్‌కూ ప్లైవుడ్‌కూ మధ్య సందులోంచి నాలుగు మడతలు పెట్టిన ఎర్రటి అట్ట ఒకటి కింద పడింది, ప్రమాదమున్న పరికరానికి టెక్నీషియన్లు కట్టే హెచ్చరిక ట్యాగు. ఆయన విప్పి చదివి నాకిచ్చాడు. వాడకూడదు, హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలింది అని పెన్నుతో రాసి ఉంది. తేదీ ఆగస్టు. నేను కొన్నది అక్టోబర్.

ఫోన్ చేశాను. గొంతు పెంచలేదు, నిజంగా చెబుతున్నాను. జరిగిందంతా చెప్పాను, నాన్న ఆసుపత్రి సంగతి కూడా చెప్పాను. "మీరు చెయ్యి పెట్టి చూసే కొన్నారు కదన్నా. ఉన్నదున్నట్టు తీసుకుంటున్నానని సంతకం పెట్టారు కదా" అన్నాడు. సరే, ఎర్ర ట్యాగు సంగతేంటండీ అన్నాను. కాసేపు మాట లేదు. తరవాత అన్నాడు: "ఆ ట్యాగా? కొత్త ఫర్నెస్ అమ్ముకోడానికి వాళ్ళు ప్రతి బండికీ అలాగే కడతారు. అవన్నీ పట్టించుకుంటే వ్యాపారం చెయ్యలేం."

అంటే తెలుసు. ట్యాగు చూశాడు. తీగ తెంపాడు, మడిచాడు, సందులోకి తోశాడు, గోడ మీద మసికి రంగు వేశాడు, నా చెయ్యి పట్టుకుని జాలీ దగ్గర పెట్టించాడు. వేడి ఎక్కువసేపు రాదని తెలిసే రెండు నిమిషాల్లో ఆపేశాడు. కొనే రోజు మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, నాన్న కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిన మనిషి.

మా నాన్నకు ఏమైనా అయ్యుంటే ఏం చేసేవాడివని అడిగాను. "పెద్దవాళ్ళను అంత చలిలోకి ఎందుకు తీసుకెళ్ళారు అసలు? దుప్పట్లు కప్పుకుని పడుకోవాల్సింది" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తరవాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

డబ్బు సంగతి: కొత్త ఫర్నెస్, పని అన్నీ కలిపి 1,900 డాలర్ల దాకా అవుతుందన్నారు. అది నేను భరిస్తాను. ట్యాగు, నీలం వైరు, రంగు వేసిన గోడ, ఆసుపత్రి కాగితాలు అన్నీ ఫోటోలు తీసి పెట్టాను, లాయర్‌తో మాట్లాడుతున్నాను. ఫోన్‌లో ఆయన అన్న మాటలు మాత్రం నేను మర్చిపోలేను.

కొనేవాళ్ళకు నాకు తోచినవి. ఫర్నెస్ రెండు నిమిషాలు కాదు, కనీసం అరగంట ఆగకుండా నడిపించండి. మధ్యలో చల్లబడి మళ్ళీ వేడెక్కుతుంటే వదిలేయండి. కవర్ మీ ముందే విప్పించండి, మిగతా వైర్ల కంటే కొత్తగా ఏదైనా కనపడితే ఎందుకని అడగండి. బయటి పొగ గొట్టం చుట్టూ మసి గానీ, కొత్త రంగు గానీ ఉందేమో చూడండి. గ్యాస్ లైను ప్రెషర్, లీకు పరీక్ష ప్రొపేన్ తెలిసినవాళ్ళతో చేయించండి. బండిలో ఉన్న అలారాన్ని నమ్మకండి, సొంతది కొనుక్కెళ్ళండి. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం ఒకరి కంటే ఎక్కువమందికి కలిగితే, లేదా బయటికెళ్ళగానే తగ్గితే, ఆలోచించకుండా అందరూ బయటికొచ్చి 911కు చెయ్యండి. మేము చెయ్యాల్సింది అదే, కంగారులో మేమే వ్యాన్‌లో వెళ్ళిపోయాం.

ఆయన దగ్గర ఇంకో 2001 మోడల్ అమ్మకానికి ఉందని, ఫ్రిస్కో నుంచి ఒక ఫ్యామిలీ శనివారం చూడటానికి వెళ్తున్నారని విన్నాను. ఇద్దరు చిన్నపిల్లలట. మీరు ఇది చదువుతుంటే దయచేసి వెళ్ళేముందు నాకొక మెసేజ్ పెట్టండి. ట్యాగు ఫోటో పంపిస్తాను, కావాలంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే మీతో వస్తాను.