డంకన్ 59 బ్రిడ్జి పికప్: ఏడేళ్లు వాయించిన తర్వాత

నాది మహాగని చెక్కతో చేసిన, లెస్ పాల్ ఆకారంలో ఉండే గిటార్. మెడ కూడా మహాగనీయే. మొదటినుంచీ దాని గొంతు కాస్త బొంగురు. అందులో వచ్చిన బ్రిడ్జి పికప్‌తో (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చి యాంప్‌కి పంపేది పికప్, బ్రిడ్జి పక్కనుండేది ఇది) గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, పెంచి ఒక కార్డు కొడితే ఆరు తీగలూ కలిసి ఒకే ముద్దగా వినిపించేవి. విశాఖలో మా చర్చిలో ప్రతి ఆదివారం వాయిస్తాను. పక్కన కీబోర్డు, డోలక్, డ్రమ్స్ అన్నీ మోగుతుంటే నేను ఏ కార్డు పట్టుకున్నానో నాకే తెలిసేది కాదు. పైగా యాంప్‌కి దగ్గరగా నిలబడితే పికప్ కీచుమని అరిచేది. పాట మధ్యలో ఎక్కడ అరుస్తుందోనని టెన్షన్.

అప్పుడు నేను చేసిన పొరపాటు ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు, అందుకే చెబుతున్నాను. ఎక్కువ కిలోఓమ్స్ ఉంటే ఎక్కువ పవర్, ఎక్కువ పవర్ ఉంటే మంచి సౌండ్ అనుకుని సిరామిక్ మాగ్నెట్ ఉన్న ఒక హై అవుట్‌పుట్ పికప్ కొన్నాను. శబ్దం పెరిగింది, ముద్ద కూడా పెరిగింది. తర్వాత కూర్చుని చదివితే విషయం అర్థమైంది. ఆ కిలోఓమ్స్ అంకె కాయిల్‌లో ఉన్న రాగి తీగ నిరోధం మాత్రమే. తీగ సన్నగా ఉంటే అదే పొడవుకి అంకె పెరుగుతుంది. అందుకని ఒకే గేజ్ (మందం) తీగ చుట్టిన పికప్‌లనే ఆ అంకెతో పోల్చాలి. అంకెకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. చుట్లు పెరిగేకొద్దీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది, మధ్యస్థాయి ఉబ్బుతుంది. నా గిటార్‌లో మధ్యస్థాయి ముందే నిండుగా ఉంది. దానికి లేనిది మెరుపు, విడివిడిగా వినిపించే తత్వం. నేను కొన్నదేమో ఉన్నదాన్నే ఇంకా పెంచింది.

ఈసారి గిటార్‌కి ఏం తక్కువైందో చూసి వెతికాను. సీమోర్ డంకన్ వాళ్ల ఎస్‌హెచ్-1, అందరూ 59 అనే పికప్, అలా దొరికింది. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ తయారు చేసిన హమ్‌బకర్‌కి (రెండు కాయిల్స్ ఉండే పికప్) 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు. పాఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) అని గిటారిస్టులు భక్తిగా పిలిచేది ఆ కాలం పికప్‌లనే. 59 ఆ దారిలోనిది. ఆల్నికో 5 మాగ్నెట్, 42 గేజ్ తీగ, బ్రిడ్జి రకానికి సుమారు 8 కిలోఓమ్స్. అదే కంపెనీ జెబి అనే పికప్ చూస్తే మాగ్నెట్ ఆల్నికో 5 అయినా అంకె 16 దాటుతుంది. జెబిని మా స్నేహితుడి గిటార్‌లో విన్నాను. మేపుల్ మెడని బోల్టులతో బిగించిన, సహజంగానే పలుచగా మోగే గిటార్ అది. అందులో జెబి అద్భుతంగా ఉంది, లీడ్ వాయిస్తే మనిషి పాడినట్టే ఉంటుంది. నా గిటార్‌లో పెడితే మళ్లీ మొదటి సమస్యే వచ్చేదని నా నమ్మకం.

కొనేముందు స్కేలు పెట్టి తీగల దూరం కొలిచాను. పికప్ మీద మొదటి తీగకీ ఆరో తీగకీ మధ్య 50 మిల్లీమీటర్లు వచ్చింది, కాబట్టి మామూలు సైజు సరిపోయింది. ఫెండర్ తరహా బ్రిడ్జి, ఫ్లాయిడ్ రోజ్ (ట్రెమొలో బ్రిడ్జి) ఉన్నవాళ్లకి 52, 53 వస్తుంది. వాళ్లు ట్రెంబకర్, అంటే డంకన్‌లో వెడల్పు సైజుది, అడగాలి.

బిగించడం నేనే చేశాను. డంకన్ వైర్లలో నలుపు వాల్యూమ్ పాట్‌కి (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) వెళ్తుంది. ఎరుపు, తెలుపు రెండూ కలిపి టంకం వేసి, టేపు చుట్టి పక్కన పెట్టాలి. ఆకుపచ్చ, పైతొడుగు లేని తీగ ఈ రెండూ పాట్ వీపు మీద ఎర్త్‌కి. అక్కడే అరగంట పట్టింది. నా 25 వాట్ల ఐరన్‌కి ఆ లోహపు వీపు వేడెక్కలేదు. టంకం పరుచుకోకుండా గుండ్రంగా ముత్యంలా నిలబడి, వేలితో నెడితే ఊడొచ్చింది. 60 వాట్లది అడిగి తెచ్చుకుని, పాట్ వీపుని గరుకు కాగితంతో రుద్ది పెడితే రెండు సెకన్లలో పట్టుకుంది.

నెక్ పికప్ (మెడ వైపుది) వేరే కంపెనీది కాబట్టి ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నల్ ఒకే దిశలో ఉందా అనేది, కూడా చూడాల్సి వచ్చింది. గిటార్ జాక్‌కి మల్టీమీటర్ పెట్టి, మిల్లీవోల్ట్ దగ్గర ఉంచి, స్క్రూడ్రైవర్‌ని పికప్‌కి ఆనించి చటుక్కున లాగాలి. అంకె ఒకదానికి ప్లస్‌లోకి, ఇంకోదానికి మైనస్‌లోకి పోతే రెండూ ఎదురుబొదురుగా ఉన్నట్టు. నాకు అలాగే వచ్చింది. డంకన్‌ది నలుపు, ఆకుపచ్చ అటూ ఇటూ మార్చాను, సరిపోయింది. పైతొడుగు లేని తీగని మాత్రం ఎర్త్ నుంచి కదపకూడదు.

మొదటి ఆదివారమే తేడా తెలిసింది. గెయిన్‌లో జి మేజర్ కొడితే అందులోని బి స్వరం విడిగా వినపడింది. ఇన్నేళ్లలో నాకు బాగా అలవాటైంది వాల్యూమ్ నాబ్. పల్లవికి 10లో పెట్టి, చరణానికి 6కి తగ్గిస్తే డిస్టార్షన్ దానంతటదే కరిగిపోయి దాదాపు క్లీన్ అవుతుంది. పెడల్ తొక్కే పని సగానికి తగ్గింది. పాత సిరామిక్‌తో 6కి తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు ఉండేది. కాయిల్‌ని మైనంలో నానబెట్టి చేస్తారు కాబట్టి కీచుమనే అరుపూ పోయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మెటల్ వాయించాలంటే ముందు ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ తప్పనిసరి, ఒంటరిగా యాంప్‌ని అంత బలంగా నెట్టదు. కాయిల్ స్ప్లిట్ (రెండు కాయిల్స్‌లో ఒకదాన్నే వాడటం) కూడా చేసి చూశాను, బ్రిడ్జి దగ్గర మరీ నీరసంగా ఉంది, స్విచ్ తీసేశాను. దిగుమతి సరుకు కాబట్టి అప్పట్లోనే 8 వేల రూపాయలు దాటింది. మా ఊరి సముద్రపు గాలికి, చేతి చెమటకి నాలుగో ఏడు నుంచి పికప్ స్క్రూల తలలు తుప్పు పట్టాయి. సౌండ్‌లో తేడా లేదు, కానీ వాయించాక గుడ్డతో తుడిచే అలవాటు మొదటినుంచీ ఉండాల్సింది. పలుచగా, చురుగ్గా మోగే గిటార్ ఉన్నవాళ్లకి దీన్ని నేను చెప్పను, వాళ్లకి జెబీ లాంటిదే మేలు.

ఎత్తు సంగతి ఒకటి. మొదట్లో తీగలకి బాగా దగ్గరగా పెట్టేశాను. బెండ్ చేసి పట్టుకుంటే స్వరం వణికి తొందరగా చచ్చిపోయేది, మాగ్నెట్ తీగని లాగడం వల్ల. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, స్క్రూని పావు చుట్టు చొప్పున దించుతూ, ప్రతిసారీ ఒకే చిన్న బిట్ వాయించుకుంటూ పోయాను. సన్నతీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావుతీగ వైపు 2.5 దగ్గర స్వరం నిలబడింది. ఏడేళ్లుగా అక్కడే ఉంది.