మామిడిపళ్లకు అడ్వాన్సు కట్టించుకుని పేమెంట్ యాప్‌లో బ్లాక్ చేస్తున్నారు, జాగ్రత్త

ఆన్‌లైన్‌లో మామిడిపళ్లు తెప్పించుకోవాలనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కార్బైడ్ వాడకుండా గడ్డిలో మాగబెట్టిన బంగినపల్లి పళ్లను తోట నుంచే పంపుతామని చెప్పి, ఒక పేజీవాళ్లు మా దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. తర్వాత రవాణా ఖర్చు అన్నారు. ఆపైన, లారీ బయలుదేరింది, మిగతా సొమ్ము కడితేనే పెట్టెలు దింపుతాం అన్నారు. పెట్టె చూశాకే కడతామని గట్టిగా చెప్పిన కాసేపటికి ఫోను ఎత్తడం మానేశారు, పేమెంట్ యాప్‌లోనూ బ్లాక్ చేశారు. ఆ పేజీ పేరు రాసి లాభం లేదు, ఇలాంటివాళ్లు పేర్లు మారుస్తూనే ఉంటారు. వాళ్ల పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

మిమ్మల్ని ఫలానావాళ్లు బ్లాక్ చేశారని పేమెంట్ యాప్ మీకు చెప్పదు. యాప్‌ను బట్టి గుర్తులు కొంచెం మారతాయి. నిన్నటిదాకా వెళ్లిన సందేశం ఇవాళ వెళ్లదు, లేదా ఆ వ్యక్తికి డబ్బు పంపడం కుదరదని వస్తుంది. కొన్నిసార్లు పేరు వెతికితే దొరకదు. పాత చెల్లింపు మాత్రం మీ లావాదేవీల జాబితాలో అలాగే ఉంటుంది.

అంతమాత్రాన బ్లాక్ చేశారని తేల్చేయకండి. బ్యాంకు సర్వరు మొరాయించినా, వాళ్లు ఆ యూపీఐ ఐడీని తీసేసినా, ఇంకెవరో ఫిర్యాదు చేయడంతో ఖాతా స్తంభించినా దాదాపు ఇలాగే కనిపిస్తుంది. ఇంట్లో మరొకరి ఫోనులో అదే యాప్ తెరిచి అదే నంబరు వెతకండి. అక్కడ పేరు మామూలుగా వచ్చి మీ ఫోనులో రాకపోతే బ్లాక్ చేసినట్టే అనుకోవచ్చు. రెండిటిలోనూ రాకపోతే ఐడీ మూసేసి ఉండవచ్చు. పరీక్ష కోసమని మళ్లీ డబ్బు పంపకండి, పేరు చూడటానికి రూపాయి కూడా అక్కర్లేదు. రెండు ఫోన్ల తెరలనూ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. సరుకు ఆలస్యమైందంతే అని రేపు వాళ్లు బుకాయిస్తే ఇవే మీకు ఆధారాలు.

చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, అది చూస్తే నాకు బాధగా ఉంది. బ్లాక్ చేసినంత మాత్రాన డబ్బు వెళ్లిన జాడ చెరిగిపోదు. లావాదేవీ వివరాల్లో 12 అంకెల యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపును గుర్తించే నంబరు, ఉంటుంది. సొమ్ము ఏ ఖాతాకు చేరిందో దాని ఆధారంగా బ్యాంకులు పట్టుకోగలవు. వాళ్లు మనసు మార్చుకుంటారేమోనని వేరే నంబర్ల నుంచి బతిమాలుతూ కూర్చుంటే, ఆలోగా సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోతూనే ఉంటుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోను చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. యూటీఆర్, మొత్తం, సమయం, అవతలివారి యూపీఐ ఐడీ దగ్గర ఉంచుకోండి. ఖాతాలో ఇంకా సొమ్ము ఉంటే బ్యాంకు దాన్ని కదలకుండా ఆపగలదు. మీ బ్యాంకుకూ, యాప్‌లోని సహాయ విభాగానికీ కూడా రాయండి. కానీ మీరే పిన్ కొట్టి పంపిన డబ్బును అవి తమంతట తాము వెనక్కి తీసుకురాలేవు, అందుకే 1930 ముందు.

కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు. అక్కడ దొరికే నంబర్లలో చాలా నకిలీలున్నాయి, పోయిన డబ్బు ఇప్పిస్తామని ఇంకొంత గుంజుతారు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదని ఇంట్లో పెద్దవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పండి.

ఇక కొనేముందు చూడాల్సింది పేరు. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపేముందు బ్యాంకులో నమోదైన పేరునే చూపించాలి. మాకు తోట పేరు ఒకటి చెప్పారు, తెర మీద వచ్చిన పేరు ఇంకొకటి. అడిగితే అక్క ఖాతా అన్నారు. అలాంటి సమాధానం వస్తే అక్కడే ఆగండి, పళ్లు చేతికొచ్చాక డబ్బిచ్చే పద్ధతికి ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి. నిజంగా తోటలున్న రైతులు ఎందరో నేరుగా అమ్ముకుంటున్నారు, ఈ మోసగాళ్ల వల్ల వాళ్ల బేరాలూ పోతున్నాయి.

ఇలాగే పళ్లకు అడ్వాన్సు కట్టి ఇప్పుడు అవతలివాళ్లు కనిపించక చూస్తున్నవాళ్లుంటే, పోయింది చిన్న మొత్తమేనని వదిలేయకండి. మేము ఫిర్యాదు చేశాం. మీరూ విడిగా చేయండి. ఒకే ఖాతా మీద పలు ఫిర్యాదులు చేరితే అది ఒక్క బేరంలో వచ్చిన తగాదా కాదని పోలీసులకు తెలుస్తుంది.