బెంగళూరులో ఈసీహెచ్ఎస్ వైద్యం: భవనాలు సరే, మందుల కిటికీ సంగతేమిటి?

మాజీ సైనికులకూ వాళ్ళ కుటుంబాలకూ కేంద్రం నడిపే వైద్య పథకం ఈసీహెచ్ఎస్. ఈ పథకం కింద వైద్యానికి బెంగళూరు అనుకూలమైన ఊరు. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో వైమానిక దళం నడిపే కమాండ్ హాస్పిటల్ ఉంది. నగరంలోనూ, యలహంక వైపూ పథకం సొంత వైద్యశాలలు, అంటే పాలీక్లినిక్‌లున్నాయి. ఎంప్యానెల్డ్ (పథకంతో ఒప్పందమున్న) ప్రైవేటు ఆసుపత్రుల జాబితా అనంతపురం, చిత్తూరు జిల్లాల జాబితాల కంటే చాలా పొడవు. హిందూపురం, మదనపల్లె, ధర్మవరం వైపు రిటైరైన హవల్దార్లూ సుబేదార్లూ పిల్లలు మారతహళ్ళిలోనో కేఆర్ పురంలోనో స్థిరపడితే ఇటు మకాం మార్చేయడానికి ఇదీ ఒక కారణమే. వాళ్ళ లెక్కన మార్కులు వేస్తే, పెద్ద జబ్బుకీ ఆపరేషన్‌కీ ఈ పథకానికి అయిదుకు నాలుగు వేయొచ్చు. నెలనెలా బీపీ, షుగరు మందులు తెచ్చుకోవడానికి మాత్రం రెండు దాటవు. అయిదు లక్షల ఆపరేషన్ సాఫీగా అయిపోయి అయిదు రూపాయల మాత్ర దగ్గర బండి ఆగడం ఈ పథకంలో కొత్తేమీ కాదు.

పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడతలో దేశం మొత్తమ్మీద 227 పాలీక్లినిక్‌లు, 2010లో మరో 199 మంజూరయ్యాయి. నేపాల్‌లో ఉండే గూర్ఖా మాజీ సైనికుల కోసం ఆ దేశంలోనూ పెట్టారు. విస్తరణ అంటే అధికారుల దృష్టిలో ఎక్కువగా ఇదే: కొత్త కట్టడం, కొత్త ఎక్స్‌రే, కొత్త డెంటల్ కుర్చీ. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే ఎక్స్‌రే మెషీన్ పనిచేయాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి, సీసపు తొడుగున్న గది కావాలి, రేడియోగ్రాఫర్ ఉండాలి. పాలీక్లినిక్ సిబ్బంది అంతా కాంట్రాక్టు మీదే. రేడియోగ్రాఫర్ కాంట్రాక్టు ముగిసి కొత్తవారు రాకపోతే మెషీన్ గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. ల్యాబ్ అనలైజర్‌కీ అదే గతి: రీఏజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడువు దాటితే పారేయాలి, మళ్ళీ కొనుగోలు ఆర్డరు వెళ్ళి సరుకు వచ్చేదాకా పరీక్షలు బయటికే. మెషీన్ ఉందా అని అడిగి ఊరుకుంటే సరిపోదు. ఈ వారం నడుస్తోందా, రిపోర్టు అదే రోజు ఇస్తారా అని కూడా ఫోనులో అడిగి బయలుదేరాలి. ఫాస్టింగ్ షుగరు కోసం కడుపు మాడ్చుకుని వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చాక రీఏజెంట్ లేదంటే ఆ కోపం ఎవరి మీద చూపించాలి?

కట్టడం విషయంలో గమనించాల్సింది ఒకటే, ర్యాంపు. వాలు 1:12 ఉండాలి. గడప అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండు అడుగులు. నాలుగైదు అడుగుల సిమెంటు వాలు పోసి అదే ర్యాంపంటే, మోకాళ్ళు అరిగిన మనిషి వీల్‌చైర్‌లో ఎక్కేటప్పుడు ఆ కుర్చీ వెనక్కి జారుతుంది. మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీ కూడా రంగుల కంటే ముందు రావాలి.

ఇక మందుల కిటికీ. ప్రైవేటు స్పెషలిస్టు రాసిన చీటీ తెచ్చి పాలీక్లినిక్ మెడికల్ ఆఫీసరుకు చూపిస్తే, ఆయన దాన్ని సాల్ట్ పేరుతో తిరిగి రాస్తారు. బ్రాండు ఏదైనా లోపలి మందు అదే కాబట్టి ఇందులో తప్పులేదు. చిక్కంతా కాంబినేషన్ మాత్రలతో. బయట డాక్టరు టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన ఒకే మాత్ర రాస్తారు. కిటికీలో రెండూ విడివిడిగా ఇస్తారు. ఇంటికెళ్ళాక పాత పట్టీలో మిగిలిన జంట మాత్ర ఒకటి, కొత్తగా వచ్చిన విడి మాత్రలు రెండు, మూడూ కలిపి మింగేస్తారు. డోసు రెట్టింపై బీపీ పడిపోతుంది, తెల్లవారుజామున బాత్రూములో తూలి పడతారు, ఆ నెపం మందు నాణ్యత మీదికి పోతుంది. విడి మాత్రలు వచ్చిన రోజే పాత పట్టీ ఇంట్లోంచి తీసేయండి. మెట్‌ఫార్మిన్ కూడా చూసి తీసుకోవాలి. సాదాదీ, ఎస్ఆర్ అని రాసినదీ ఒకటి కావు. ఎస్ఆర్ మాత్రను చిదపకూడదు, విరిచి వేసుకోకూడదు, ఎందుకంటే రోజంతా కొంచెం కొంచెంగా వదలాల్సిన మందు ఒక్కసారిగా వదిలేస్తుంది. ఇన్సులిన్ తెచ్చుకునేవారు ఐస్ ప్యాక్ ఉన్న చిన్న సంచి వెంట తెచ్చుకోవాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఎండకు మూసిన కారు డిక్కీలో రెండు గంటలుంటే ఆ సీసా మీద నమ్మకం పెట్టుకోలేం. వయల్‌ను ఐసుకు నేరుగా ఆనించినా పాడవుతుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయడమే.

మందు ఎందుకు ఉండదు? పాలీక్లినిక్ తనంతట తాను కొనదు. అవసరాల జాబితా సైనిక ఆసుపత్రిలోని సీనియర్ ఎగ్జిక్యూటివ్ మెడికల్ ఆఫీసరుకు వెళ్తుంది. సైనిక మందుల డిపో నుంచి కొంత వస్తుంది, మిగతాది స్థానికంగా కొంటారు. ఆ దారిలో ఎక్కడ ఆలస్యమైనా కిటికీలో కనిపించేది ఒకటే మాట: ఎన్ఏ (నాట్ అవైలబుల్), అంటే మందు లేదు. బడ్జెట్ అడుగంటే ఆర్థిక సంవత్సరం చివర్లో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నుంచే కొంచెం ముందస్తుగా ఉండటం మేలు.

ఎన్ఏ పడితే రెండు దారులు. పాలీక్లినిక్‌తో ఒప్పందమున్న స్థానిక మందుల దుకాణం ద్వారా తెప్పించి ఇస్తే సరే. లేదంటే బయట కొని డబ్బు తిరిగి అడగాలి. ఇక్కడే ఎక్కువ క్లెయిములు పోతాయి. చీటీ మీద ఎన్ఏ ముద్ర, సంతకం, తేదీ పడ్డాకే కొనాలి. అంతకు ముందు రోజు బిల్లు ఉంటే అది చెల్లదు. బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు, దుకాణం జీఎస్టీ నంబరు ఉండాలి, ఒరిజినలే ఇవ్వాలి. కార్డు నకలు, రద్దు చేసిన చెక్కు జతచేయాలి. ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. అభ్యంతరం రాసి వెనక్కి పంపినప్పుడు ఏ కాగితం ఇచ్చామో గుర్తుండదు, ముసలితనంలో అసలే ఉండదు.

మందుల స్టాకు రోజూ ఉదయం ఫోనులో కనిపించేలా చేస్తే, కొత్త అంతస్తు కట్టినదానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది. క్యూలో నిల్చునేవాళ్ళలో చాలామంది డాక్టరు కోసం వచ్చినవాళ్ళు కారు, మందు కోసం వచ్చినవాళ్ళు.

రెఫరల్, అంటే పాలీక్లినిక్ నుంచి పెద్ద ఆసుపత్రికి పంపే చీటీ విషయానికొస్తే, వ్యవస్థ చెడ్డది కాదు, చదవకుండా వెళ్ళడం చెడ్డది. పాలీక్లినిక్ సైనిక స్థావరంలో ఉంటే, కమాండ్ హాస్పిటల్‌లో ఆ స్పెషలిస్టు, పడక ఉన్నంతవరకు ముందు అక్కడికి పంపడమే రివాజు. చాలామంది గొణుగుతారు గానీ, గుండె, ఎముకలు, కంటి విషయాల్లో అక్కడి వైద్యుల మీద నమ్మకం ఉంచొచ్చు, బిల్లు బెడదా ఉండదు. ప్రైవేటుకు రెఫరల్ వచ్చినప్పుడు మూడు చూడాలి. మొదటిది గడువు తేదీ. రెండోది, సంప్రదింపు వరకేనా, పరీక్షలూ చేరికా కూడా కలిశాయా అన్నది. సంప్రదింపు రెఫరల్‌తో వెళ్తే అక్కడి డాక్టరు ఎంఆర్‌ఐ రాయడం, కౌంటర్లో కుదరదనడం, మళ్ళీ పాలీక్లినిక్‌కి రావడం మామూలే. మూడోది, ఆ ఆసుపత్రి ఈ రోజుకీ జాబితాలో ఉందా అన్నది. బకాయిలు పేరుకుని ఆసుపత్రులు తప్పుకుంటూ ఉంటాయి, కొన్ని ఒక్క విభాగానికే జాబితాలో ఉంటాయి. ఉత్తర్వులో చెప్పిన వయసు దాటిన పెద్దవారు స్పెషలిస్టు సంప్రదింపుకు రెఫరల్ లేకుండానే ఎంప్యానెల్డ్ ఆసుపత్రికి నేరుగా వెళ్ళొచ్చు. ఈ సంగతి కొన్ని ప్రైవేటు కౌంటర్లకే తెలియదు, ఉత్తర్వు నకలు చేతిలో ఉంచుకోండి.

ఆసుపత్రులు ఈసీహెచ్ఎస్ కార్డు చూడగానే మొహం చిన్నబుచ్చుకోవడానికి చాలాకాలం ధరలే కారణం. ఎక్కువ చికిత్సలకు 2014 నాటి సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య పథకం) ధరలే నడిచాయి. కొత్త ధరలు ఈసీహెచ్ఎస్‌కి 2025 డిసెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చాయి. బెంగళూరు మొదటి శ్రేణి నగరం. అదే చికిత్సకు రెండో శ్రేణిలో 10 శాతం, మూడో శ్రేణిలో 20 శాతం తక్కువ ఇస్తారు. ఎన్‌ఏబీహెచ్ అనే నాణ్యతా గుర్తింపు లేని ఆసుపత్రికి 15 శాతం కోత. రాయలసీమ పట్టణాల్లో పెద్ద ఆసుపత్రులు ఈ జాబితాలోకి రావడానికి వెనకాడటంలో ఈ లెక్కకూ పాత్ర ఉంది. ధర పెరిగినంత మాత్రాన బిల్లు త్వరగా చెల్లుతుందని కాదు. ఆ రెండూ వేరు.

వార్డు ర్యాంకును బట్టి ఉంటుంది: హవల్దారు వరకు జనరల్, నాయబ్ సుబేదారు నుంచి సుబేదార్ మేజర్ దాకా సెమీ ప్రైవేట్, ఆఫీసర్లకు ప్రైవేట్. పిల్లలు ముచ్చటపడి పై గది అడిగితే ఆ తేడా జేబులోంచే. ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర ఉంటుంది. అంతకు మించినది పెట్టమని మీరే సంతకం చేస్తే ఆ పైకం మీదే. ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర కాగితం ఇస్తే చదివాకే సంతకం పెట్టండి.

అత్యవసరమైతే ఎంప్యానెల్డ్ కాదా అవునా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు, దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్ళండి. జాబితాలో లేని ఆసుపత్రయితే 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. డబ్బు ముందు మీరు కట్టాలి, తిరిగొచ్చేది సీజీహెచ్ఎస్ ధర మేరకే. డిశ్చార్జి కాగితంలో ఎమర్జెన్సీ అన్న మాట, వచ్చిన సమయం ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే క్లెయిమ్ దాదాపు పోయినట్టే.

ఇంతవరకు మాజీ సైనికుడైన నాయన సంగతి. కౌంటర్ దగ్గర అసలు ఇబ్బంది పడేది అమ్మ. జవాను ఇరవై ఏళ్ళు హిందీలో నెగ్గుకొచ్చి ఉంటాడు, భార్యకు తెలుగే తెలుసు. కార్డుదారుల్లో వితంతువులు తక్కువేమీ కాదు. టోకెన్ పిలుపులు హిందీ, కన్నడల్లో సాగుతుంటే కదిరి నుంచి వచ్చిన ఆవిడ పక్కావిడ మొహం చూస్తూ కూర్చుంటుంది. తెర మీద నంబరు కనిపించే టోకెన్ యంత్రం ఖరీదైన సౌకర్యం కాదు, ఆధునికీకరణ జాబితాలో మొదటి వరుసలో ఉండాల్సింది అదే.

64 కేబీ కార్డు (ఈసీహెచ్ఎస్ స్మార్ట్ కార్డు) మనిషికొకటి, భార్యది భార్య దగ్గరే ఉండాలి. ఆధారపడిన తల్లిదండ్రుల ఆదాయం కరువు భత్యం కాకుండా నెలకు 9,000 రూపాయలు మించకూడదు. కొడుక్కి 25 ఏళ్ళు నిండినా, ఈలోగా ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా కార్డు ఆగిపోతుంది. కూతురికైతే పెళ్ళయ్యేదాకానో సంపాదన మొదలయ్యేదాకానో కార్డు నడుస్తుంది. ఏటా ఈ అర్హతల ధ్రువీకరణ చేయించకపోతే ఆసుపత్రి మెషీన్‌లో కార్డు పనిచేయదు. అది తెలిసేది సరిగ్గా అడ్మిషన్ వేళ.

ఆఖరిగా, పాలీక్లినిక్ మార్చుకోవాలా? ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడే ఉండేవారైతే మార్చుకోండి. నెలవారీ మందులు కార్డు మీద ఉన్న పాలీక్లినిక్‌లోనే సాఫీగా దొరుకుతాయి. కోతలకో పండగలకో ఊరికి పోయి మూడు నెలలుండేవారు మార్చకపోవడమే మంచిది. వచ్చేటప్పుడు నెల మందులు, ఊరి చీటీ ఫోటో తెచ్చుకుని, అవి అయిపోయే పది రోజుల ముందే ఇక్కడి ఓఐసీని (పాలీక్లినిక్ ఇన్‌చార్జి అధికారిని) కలిస్తే తాత్కాలికంగా ఇవ్వడం కుదురుతుందో లేదో తేలిపోతుంది. సోమవారం, వరుస సెలవుల మర్నాడు తప్ప ఏ పనిరోజైనా వెళ్ళొచ్చు.