అప్‌డేట్ చాటున వచ్చిన యాడ్-ఆన్: ఒక యాంటీవైరస్‌తో నా అనుభవం

ఈ యాంటీవైరస్ వైరస్‌లను ఎంత బాగా పడుతుంది, కంప్యూటర్ వేగాన్ని ఎంత తగ్గిస్తుంది అన్న వివరాలు పోలిక పట్టికల్లో కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. డబ్బు కట్టి కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఆ రెండు విషయాల్లోనూ నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా ఒక్క అప్‌డేట్ మీద, అది నన్ను అడగకుండా నా బ్రౌజర్‌లో దింపిపోయిన సరుకు మీద.

రోజూ వచ్చే వైరస్ నిర్వచనాల అప్‌డేట్ వేరు, అప్పుడప్పుడు వచ్చే ప్రోగ్రామ్ అప్‌డేట్ వేరు. మొదటిది మన ప్రమేయం లేకుండా జరిగిపోవలసిందే. కొత్త వైరస్‌ల ఆనవాళ్లు వెంటవెంటనే కంప్యూటర్‌కు చేరకపోతే ఈ సాఫ్ట్‌వేర్ ఉండీ ప్రయోజనం ఉండదు. రెండోది కూడా అదే మౌనంతో, ఇన్‌స్టాల్ చేసిన రోజున మనం ఒక్కసారి ఇచ్చిన అడ్మినిస్ట్రేటర్ అధికారంతోనే వచ్చి కూర్చుంటుంది. అలాంటి ప్రోగ్రామ్ అప్‌డేట్ ఒకటి ముగిసి, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక క్రోమ్ తెరిస్తే, వేరే ప్రోగ్రామ్ ఒకటి యాడ్-ఆన్‌ను (బ్రౌజర్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రామ్‌ను) చేర్చిందనీ, దాన్ని ఉంచుతారా తీసేస్తారా అనీ అడుగుతూ ఒక పెట్టె కనిపించింది. పేరు చూస్తే మా యాంటీవైరస్‌దే. సురక్షితంగా వెతకడానికి సాయపడతానంటున్న ఆ యాడ్-ఆన్, నేను చూసే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదవడానికీ మార్చడానికీ, సెర్చ్ ఇంజిన్‌ను తనకు నచ్చినదానికి మార్చడానికీ అనుమతి కోరుతోంది. తీసేశాను.

నన్ను అడిగినది బ్రౌజరే గాని యాంటీవైరస్ కాదన్నది ఇక్కడ గమనించాలి. ఆ పెట్టె కూడా ఊరికే రాలేదు. 2009లో మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ (విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లు నడవడానికి ఆధారమయ్యే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒకటి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో తన యాడ్-ఆన్‌ను చడీచప్పుడు లేకుండా పెట్టింది. మొదట్లో దాన్ని తొలగించే బటన్ కూడా పనిచేయలేదు. భద్రతా లోపం బయటపడ్డాక అదే ఏడాది అక్టోబరులో ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లాయే దాన్ని అడ్డుకోవలసి వచ్చింది. 2011లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 8 నుంచి, బయటి ప్రోగ్రామ్‌లు పెట్టే యాడ్-ఆన్‌లు వాడుకరి ఒప్పుకునేదాకా పనిచేయకుండా కట్టడి చేశారు. 2013లో క్రోమ్ 25 కూడా అదే దారి పట్టింది. ఈ ఏర్పాటు లేకపోయి ఉంటే నా కంప్యూటర్‌లో ఏం జరిగిందో నాకు తెలిసే అవకాశమే లేదు.

అసలు కథ తీసేసిన తరువాత మొదలైంది. బయటి ప్రోగ్రామ్ పెట్టిన యాడ్-ఆన్‌ను వాడుకరి ఒకసారి తొలగిస్తే క్రోమ్ ఆ సంగతి గుర్తు పెట్టుకుంటుంది, అదే దారిలో మళ్లీ రానివ్వదు. ఆ దారి మూసుకుపోయింది కాబట్టి ఇక నా చేతనే పెట్టించాలి. అందుకు ఈ యాంటీవైరస్ ఎంచుకున్న పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దీని మొదటి తెర మీద పెద్ద గుర్తు ఒకటి ఉంటుంది: అన్నీ సవ్యంగా ఉంటే పచ్చగా, ఏదైనా తేడా ఉంటే పసుపుగా, ప్రమాదమైతే ఎర్రగా. ఎవరైనా ఏ యాంటీవైరస్ మంచిదని అడిగితే ఈ గుర్తును చూపించే దీన్ని మెచ్చుకునేవాణ్ణి, ఎందుకంటే సాంకేతిక విషయాలు తెలియనివారు కూడా రంగు చూసి నిశ్చింతగా ఉండవచ్చు. యాడ్-ఆన్ తీసేసిన మరుక్షణం నుంచి ఆ గుర్తు పసుపు రంగుకు తిరిగింది. మీ బ్రౌజర్‌కు పూర్తి రక్షణ లేదని ఒక వాక్యం, పక్కనే సరిచేయమని ఒక బటన్. ఆ బటన్ నొక్కితే తెరుచుకునేది క్రోమ్ స్టోర్‌లో అదే యాడ్-ఆన్ పేజీ. వైరస్ నిర్వచనాలు పాతబడినా పసుపే, తమ సెర్చ్ ఇంజిన్‌ను నేను వద్దన్నా పసుపే అయితే, ఆ రంగును చూసి నేను దేనికి కంగారు పడాలి? ఇప్పుడు ఆ గుర్తును మెచ్చుకోవాలంటే ఇంత వివరణ జోడించక తప్పడం లేదు.

అదే కంప్యూటర్‌లో మా అక్కకు వేరే అకౌంట్ ఉంది. ఆమెకూ ఆ పెట్టె వచ్చింది, ఆమె ఉంచమని నొక్కింది. యాంటీవైరస్ పేరు కనిపిస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. ఆ తరువాత కొత్త ట్యాబ్ తెరిస్తే వేరే పేజీ, వెతికితే పైన ప్రకటనలతో వేరే ఫలితాలు. గూగుల్ ఎందుకిలా మారిపోయిందని ఆమె నన్ను అడిగేదాకా నాకు ఆ విషయం తెలియదు. కంచె చేను మేసిందని అనను, చేను భద్రంగానే ఉంది. కాని ఎవరి కోసమో కంచెలో ఒక గేటు పెట్టారు. అలాంటి గేట్లు ఎంత గట్టివన్నది మరో ప్రశ్న. 2017 జనవరిలో, పీడీఎఫ్ ఫైళ్లు తెరిచే అడోబీ రీడర్ అప్‌డేట్ క్రోమ్‌లోకి పంపిన యాడ్-ఆన్‌లో గూగుల్ పరిశోధకుడొకరు కొద్ది రోజుల్లోనే భద్రతా లోపం కనిపెట్టారు.

చివరికి దారి దొరికింది గాని అది కనిపించే చోట లేదు. విండోస్‌లోని ప్రోగ్రామ్‌ల జాబితాలో ఈ యాంటీవైరస్ పేరు దగ్గర, తొలగించే బటన్ పక్కనే మార్పులు చేసే బటన్ ఇంకొకటి ఉంది. అది నొక్కితే వచ్చే భాగాల పట్టికలో బ్రౌజర్ రక్షణ అన్నదాని టిక్కు తీసేస్తే పసుపు రంగు పోయింది. చిన్న అప్‌డేట్‌లు ఆ ఎంపికను గౌరవించాయి. తరువాతి పెద్ద వెర్షన్ మాత్రం టిక్కును తిరిగి పెట్టింది, నేను మళ్లీ తీశాను. అప్‌డేట్‌లనే ఆపేస్తే పోతుంది కదా అనవచ్చు. భద్రతా సవరణలు వచ్చేదీ ఆ తోవలోనే కాబట్టి అది కుదరదు, యాంటీవైరస్ కంపెనీ ధీమా కూడా బహుశా అదే.

కట్టిన చందా గడువు ఇంకా ఉంది, ఇంట్లో పెన్‌డ్రైవ్‌లు చేతులు మారుతూనే ఉంటాయి, ఆ విషయంలో ఇది నాకు బాగా పనికొచ్చింది కాబట్టి ప్రస్తుతానికి దీన్ని తీసేయడం లేదు. కంప్యూటర్‌ను ఒక్కరే వాడుతూ, ఏది నొక్కాలో ఏది నొక్కకూడదో తెలిసినవారికైతే విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోవచ్చు. భాగాల పట్టిక తెరిచి టిక్కులు తీసే ఓపిక లేనివారికి, లేదా దూరాన ఉన్న పెద్దవాళ్ల కంప్యూటర్‌లో వేసిపెట్టాలనుకునేవారికి మాత్రం దీన్ని సూచించలేను.