ఫేటాలిటీకి ఎక్కడ నిలబడాలి: దగ్గరా, మధ్యలోనా, దూరంగానా?

మోర్టల్ కాంబాట్ అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో ప్రత్యర్థి ఓడిపోయి 'ఫినిష్ హిమ్' అని వినపడగానే చాలామంది ఉన్నచోటే నిలబడి బటన్లు టకటకా నొక్కేస్తారు. కమాండ్, అంటే నొక్కాల్సిన బటన్ల వరుస, కరెక్టే. అయినా ఫేటాలిటీ, అంటే ఓడిన ప్రత్యర్థిని ప్రత్యేకంగా చంపే ఆఖరి మూవ్, రాదు. మామూలు గుద్దు ఒకటి పడి ప్రత్యర్థి కూలిపోతాడు, అక్కడితో ఆట అయిపోతుంది. ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది దూరాన్ని. చాలా ఫేటాలిటీలు ఫలానా దూరం నుంచి చేస్తేనే పనిచేస్తాయి. కొత్త ఆటల్లో పాజ్ చేసి మూవ్ లిస్ట్ తెరిస్తే దగ్గర, మధ్య, దూరం అని పక్కనే రాసి ఉంటుంది.

మరి కొత్త క్యారెక్టర్ తీసుకున్నప్పుడు ముందు ఏది నేర్చుకోవాలి? నన్నడిగితే, కళ్లు మూసుకుని దగ్గరిదే.

దగ్గరికి కొలత అక్కర్లేదు. ముందుకి నడుస్తూ పోతే ప్రత్యర్థి ఒంటికి తగులుతాం, అదే సరైన చోటు. ఇంకో లాభం కూడా ఉంది. 1992లో వచ్చిన మొదటి ఆటలో సబ్-జీరో అనే క్యారెక్టర్ ఫేటాలిటీ చూడండి: ముందుకి, కిందికి, ముందుకి, హై పంచ్. రెండుసార్లు ముందుకి నొక్కినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అప్పటికే ఆనుకుని ఉన్నాం, ఇక దూరం మారేదేముంది?

అసలు తిప్పలన్నీ మధ్య దూరంతోనే. పాత ఆటల్లో దీన్ని స్వీప్ దూరం అంటారు. కాలు తిప్పి కొట్టే స్వీప్ అందీ అందనట్టుండే చోటన్నమాట. కమాండ్‌లో ముందుకి, వెనక్కి ఉంటే నొక్కుతుండగానే క్యారెక్టర్ జరిగిపోతుంది. ఒకే వైపు వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే కొన్ని ఆటల్లో డాష్ కూడా చేస్తుంది, అంటే ఒక్కసారిగా అటు దూసుకుపోతుంది. పాత ఆటల్లో దీనికి మందు దెబ్బ కాచుకునే బ్లాక్ బటన్. అది పట్టుకుని ఉంటే క్యారెక్టర్ కదలదు, పైకి నొక్కినా ఎగరదు. మొదటి ఆటలో స్కార్పియన్ కమాండే బ్లాక్ పట్టుకుని పైకి రెండుసార్లు నొక్కడం. బ్లాక్ వదిలేశామా, గాల్లోకి లేస్తాడు.

ఇక ఆ చోటికి చేరడం ఎలా? నడిచి కొలవకండి. బటన్ ఎంతసేపు పట్టుకున్నామన్నదాన్ని బట్టి నడక ప్రతిసారీ మారుతుంది, టెన్షన్‌లో ఇంకా మారుతుంది. వెనక్కి వేసే జంప్ మాత్రం ఎప్పుడూ ఒకే పొడవు. 2015 నాటి మోర్టల్ కాంబాట్ ఎక్స్, 2019 నాటి మోర్టల్ కాంబాట్ 11 లాంటి వాటిలో ప్రత్యర్థిని తాకి ఒక్క జంప్ వెనక్కి వేస్తే సుమారుగా మధ్య దూరం వస్తుంది. ఈ చిట్కా తెలిశాక మధ్య దూరానికి సగం భయం పోతుంది.

దూరం మధ్యకన్నా సులువే. మరో జంప్ వేస్తే చాలు, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. కానీ మీ వీపు గోడకి ఆనుకుని ఉంటే వెనక్కి పోవడానికి చోటుండదు. అప్పుడు ప్రత్యర్థి మీదుగా అవతలికి దూకి, అక్కడి నుంచి వెనక్కి జంపులు వేయాలి. ఆ లోపు టైమ్ కరిగిపోతుంది. పైగా వైపు మారింది కాబట్టి ముందుకి, వెనక్కి కూడా తారుమారవుతాయి. అదే ప్రత్యర్థి మూలలో ఉంటే స్టేజ్ అంతా మీ వెనకే, దూరం ఫేటాలిటీకి అంతకన్నా మంచి అవకాశం లేదు.

నిలబడే గొడవే వద్దనుకుంటే మోర్టల్ కాంబాట్ ఎక్స్‌లోని బ్రూటాలిటీలు అనే మరో రకం ముగింపులు ఉన్నాయి. చివరి దెబ్బతోనే అయిపోతాయి. అయితే వాటి షరతులు ఫైట్ నడుస్తుండగానే పూర్తి చేయాలి కాబట్టి, కొత్తవాళ్లకి అవి ఇంకా కష్టం.

దగ్గరిది చేతికి అలవాటయ్యాక మధ్యదానికి రండి. ప్రాక్టీస్‌లో ఎడమవైపు నిలబడి కొన్నిసార్లు, కుడివైపు నిలబడి కొన్నిసార్లు చేయండి. ఒకే వైపు నేర్చుకున్న కమాండ్ అవతలి వైపుకి వెళ్లగానే వేళ్లకి గుర్తురాదు.