చీటీ లేకుండా చేతికిచ్చే కంటి చుక్కలతో జాగ్రత్త

కంటి దురదకో ఎరుపుకో మందుల షాపులో నేరుగా చుక్కల మందు కొనేవారందరూ, ముఖ్యంగా పిల్లలున్నవారు, ఇది చదవాలని కోరుతున్నాను. మా చెల్లెలి కొడుకుకు వేసవి వస్తే చాలు కళ్లు విపరీతంగా దురద పెట్టి, ఎర్రబడి, తీగలు సాగే పుసి కట్టేవి. ఇంటి దగ్గరి మెడికల్ షాపువారు డాక్టరు చీటీ అడగకుండానే ఒక చుక్కల సీసా ఇచ్చారు. ఎరుపు వెంటనే తగ్గింది. ఆ తరువాత దురద వచ్చినప్పుడల్లా అదే మందు అమ్మారు తప్ప, ఎన్నాళ్లు వేయాలో, ఎప్పుడు ఆపాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. అడిగితే అందరూ వాడేదే, ఏమీ కాదన్నారు. బడిలో బోర్డు సరిగా కనబడటం లేదంటే అద్దాల కోసం కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరస కొలత) మధ్య ఉండవలసిన కంటి పీడనం ఆ పిల్లవాడికి రెండు కళ్లలోనూ 35 దాటిందని, కంటి నరం అప్పటికే కొంత దెబ్బతిన్నదని అక్కడ తేలింది.

ఆ సీసాలో యాంటీబయోటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. కంటి లోపల ఎప్పుడూ ఊరుతూ ఉండే ద్రవం బయటికి పోయే జల్లెడ వంటి మార్గాన్ని స్టెరాయిడ్ బిగుసుకుపోయేలా చేస్తుంది. ద్రవం నిలిచి పీడనం పెరుగుతుంది. కొన్ని వారాలు వరుసగా వాడితే సుమారు మూడో వంతు మందిలో ఎంతో కొంత పెరుగుదల కనిపిస్తుందని, నూటికి నాలుగైదుగురిలో అది చాలా ఎక్కువగా ఉంటుందని, పిల్లల్లో మరింత త్వరగా వస్తుందని వైద్యులకు 1960ల నాటి పరిశోధనల నుంచీ తెలుసు. నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఇలా పీడనం పెరిగి కంటి నరం దెబ్బతినే నీటికాసుల (గ్లాకోమా) వల్ల పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి ఇవ్వలేదు. శుక్లం కూడా చిన్న వయసులోనే రావచ్చు, అయితే దానికి కనీసం శస్త్రచికిత్స ఉంది.

ఎర్రబడిన ప్రతి కన్నూ ఒకటే జబ్బు కాదన్నది షాపు బల్ల అవతల నిలబడినవారు ఆలోచించని విషయం. హెర్పిస్ వైరస్ వల్ల నల్లగుడ్డుపై ఏర్పడే కొమ్మలాంటి పుండు, ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి కాంతిలో స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష సూక్ష్మదర్శిని కింద చూస్తేనే స్పష్టంగా కనబడుతుంది. వరి ఆకో కంకో గీరుకున్న తరువాత వచ్చే బూజు పుండు మన పల్లెల్లో కొత్త కాదు. ఈ రెండింటిలోనూ పరీక్ష లేకుండా స్టెరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గి నయమైనట్టు అనిపిస్తుంది, లోపల పుండు మాత్రం పెరుగుతూ పోతుంది.

కాబట్టి కొనేముందు డబ్బాపై సన్నని అక్షరాలను చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. ఎర్ర గీత, వైద్యుని చీటీపైనే అమ్మాలన్న హెచ్చరిక ఉన్న మందును ఊరికే ఇస్తున్నారంటే అక్కడ కొనకండి. బిల్లు అడిగి తీసుకోండి. ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయాలంటే అదే ఆధారం.

ఇప్పటికే ఇలాంటి చుక్కలు చాలాకాలంగా వాడుతున్నవారు కంటి డాక్టరు దగ్గర పీడనం కొలిపించుకుని, కంటి నరాన్ని కూడా చూపించుకోవాలి. అయితే శుక్లం ఆపరేషన్ తరువాతో, కంటి లోపలి వాపుకో డాక్టరే రాసిచ్చిన స్టెరాయిడ్‌ను ఈ మాటలు చదివి సొంతంగా ఆపకండి, ఎందుకంటే ఆ సందర్భాల్లో అది అవసరమైన మందు, దాన్ని క్రమంగానే తగ్గించాలి. మా పిల్లవాడి వంటి వేసవి అలర్జీకి చల్లని కాపడం, ఓలోపటడిన్ వంటి చుక్కలు, తీవ్రంగా ఉంటే డాక్టరు పర్యవేక్షణలో టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉన్నాయి. ఇప్పుడు వాడికి వీటితోనే దురద అదుపులో ఉంది. పీడనం తగ్గించే చుక్కలు మాత్రం వేరుగా రోజూ వేయవలసి వస్తోంది.